బాలికలకు పరిచర్యయే వృత్తిపరీక్ష

పిల్లల భావివృత్తిని తలిదండ్రులే నిర్ణయించుట మన యిండ్లలో సర్వసాధారణము. అమ్మాయి వైద్యురాలు కావలెనని కోరుదుము. ఆమెయో, ఆసుపత్రి లోపలి బ్రదుకు నెన్నడును ఎఱుగదు. రోగుల మూలుగు తనకు సహింపరానిదని పెక్కేండ్లు చదివిన పిమ్మట తెలిసిన నేమి ఫలము?

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఈస్ట్ ఆరెంజి పట్టణమున, 1944వ సంవత్సరమున, ఒక హైస్కూలు పౌరశాస్త్రపు తరగతి బాలికలు అచ్చటి ఆసుపత్రిలో వేతనములేని సేవకు పూనుకొనిరి. ఎఱుపు తెలుపు చారల గుడ్డతో తమ దుస్తులను తామే కుట్టుకొనిరి. మిఠాయికడ్డీల చారలను బోలిన యా దుస్తులవలన 'క్యాండీ స్ట్రైపర్లు' అను పేరు కలిగెను. క్రమముగా ఈ పద్ధతి ఇతర ఆసుపత్రులకును వ్యాపించెను. రోగులకు మంచినీ రందించుట, జాబులను పుస్తకములను చేర్చుట యిట్టి బాలికల పనులు. చికిత్స వారిది కాదు.

ఈ చిన్నపనులే పెద్దపరీక్ష. ఒకతెకు నర్సువృత్తిపై మక్కువ కుదురును. వేఱొకతెకు అది తనకు తగదని తేటపడును. రెండును లాభమే.

కావున సెలవులలో మీ బాలికను ఆసుపత్రికో, గ్రంథాలయమునకో, అనాథాశ్రమమునకో, అచ్చటివారి యనుమతితో కొన్నిదినములు పంపుడు. ఆమె భద్రతను ముందుగా విచారింపుడు. తిరిగివచ్చిన పిదప 'మరల పోవలెనని యున్నదా, తల్లీ?' యని యడుగుడు. ఆ సమాధానము మీ కోరికకు విరుద్ధమైనను మన్నింపుడు.