ముక్కు ఆపరేషన్ తర్వాత పది రోజులు: రూంలో ఏం చేయాలి, ఆఫీసులో ఏం అడగాలి

క్యాంపులో ఉండేవాళ్లకు ముక్కు బాధ కొత్త కాదు. పగలంతా సిమెంటు దుమ్ము, ఇసుక గాలి. రాత్రంతా మొహం మీదికి కొట్టే ఏసీ. ముక్కు పట్టేస్తే నోటితో గాలి పీల్చుకుంటూ, గురక పెడుతూ, పక్క బెడ్డువాడితో తిట్లు తింటూ ఏళ్లు గడిపేసేవాళ్లు ఎందరో. కొందరికి అసలు కారణం ముక్కు దూలం వంకర. అది పుట్టుకతోనైనా ఉంటుంది, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లనైనా వస్తుంది. దుమ్ము ఆ బాధను పెంచుతుంది గాని దూలాన్ని వంచదు. మందులకు లొంగకపోతే డాక్టరు ఆపరేషన్ చెబుతాడు.

ఆపరేషన్ గంటా, గంటన్నర పని. చాలామందిని అదే రోజో మర్నాడో పంపించేస్తారు. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. ఊళ్లో అయితే అమ్మో, ఇంటావిడో పక్కన ఉంటుంది. ఇక్కడ ఎనిమిది మంది ఉండే రూం, రెండంతస్తుల బెడ్డు, అందరికీ కలిపి ఒక కిచెన్. ఆ పది రోజులు ఎలా గడపాలన్నదే ఈ వారం మా ముచ్చట.

మేం కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే గుమస్తాలం. మీ సిక్ లీవ్ కాగితాలు మా టేబుల్ మీదుగానే పోతాయి. దుబాయ్‌లో మాకు తెలిసిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ సంగతి చెబుతాం. సిరిసిల్ల వైపు మనిషి. దూలం ఆపరేషన్ చేయించుకుని ఐదో రోజునే డ్యూటీ బస్సెక్కాడు. ప్లైవుడ్ షీటు ఎత్తగానే ముక్కులోంచి రక్తం కారింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ముక్కులో గుడ్డ. "ఎందుకన్నా అంత తొందర?" అని అడిగితే, "లీవు పెడితే జీతం కట్ అంటరు గదా" అన్నాడు. కట్ కాదని అతనికి చెప్పినవాళ్లు లేరు. చేతిలో డాక్టరు రాసిన పది రోజుల కాగితం మాత్రం ఉంది.

జీతం కట్ అవుతుందా?

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్నది 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం. అందులో 31వ ఆర్టికల్ సిక్ లీవ్ గురించి. ప్రొబేషన్ దాటిన కార్మికుడికి ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవ్ ఉంటుంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులకు జీతం లేదు. ఈ ఏడాది ఇంతకుముందు సిక్ లీవ్ వాడుకోకపోతే, ముక్కు ఆపరేషన్‌కు డాక్టరు రాసే వారం పది రోజులు ఆ మొదటి 15 రోజుల్లోనే పడతాయి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం జీతంతో సిక్ లీవ్ లేదు. తొందర లేని ఆపరేషన్ అయితే ప్రొబేషన్ అయ్యాక చేయించుకోవచ్చా అని డాక్టరును అడగండి.

ఒక షరతు గుర్తుపెట్టుకోండి. జబ్బు సంగతి మూడు పనిదినాల్లోగా కంపెనీకి తెలపాలి, మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. ఫోర్‌మెన్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. కాగితం ఆఫీసుకు చేరాలి, ఒక జిరాక్సు మీ దగ్గర ఉండాలి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. మీరు లేవలేకపోతే రూమ్మేటుతో పంపండి. ఆ నెల జీతంలో తేడా వస్తే ముందు ఆఫీసులో అడగండి. తేలకపోతే కార్మిక శాఖ ఫిర్యాదుల నంబరు 80084.

మిగతా దేశాల్లో లెక్క వేరు. సౌదీలో మొదటి 30 రోజులు పూర్తి జీతం. ఖతార్‌లో మూడు నెలల సర్వీసు దాటినవాళ్లకు మొదటి రెండు వారాలు పూర్తి జీతం.

ఇన్సూరెన్స్ సంగతి ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. కార్డు ఉంది కదా అని అన్నీ అందులో ఉండవు. ముక్కు దూలం ఆపరేషన్ మీ పాలసీలో ఉందో లేదో అడిగి, అప్రూవల్ వచ్చాకే తేదీ తీసుకోండి.

మొదటి మూడు రోజులు

పై బెడ్డు మీద పడుకునేవాళ్లు ఆపరేషన్‌కు ముందే కింది బెడ్డుకు మారాలి. మత్తు దిగని కళ్లతో రాత్రి నిచ్చెన దిగడం ప్రమాదం. రెండు మూడు మెత్తలు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి, వెల్లకిలా పడుకోవాలి. తల ఎత్తులో ఉంటే వాపు, రక్తం కారడం రెండూ తగ్గుతాయి. వారం రోజులు ఇలాగే.

ముక్కులో గుడ్డ పెడితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. కొందరికి దూలం నిలబడేందుకు లోపల ప్లాస్టిక్ రేకులు పెట్టి, వారానికి తీస్తారు. రెండు మూడు రోజులు రక్తం కలిసిన నీరు కారడం మామూలే. ముక్కు కింద గాజుగుడ్డ పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. గొంతు మండుతుంది, నోరు ఎండిపోతుంది. పై పళ్లు మొద్దుబారినట్టు అనిపించవచ్చు. అది మెల్లగా పోతుంది.

చాలామంది గాబరా పడేది ఒక్క విషయానికి. ఆపరేషన్‌కు ముందుకన్నా ఇప్పుడు ముక్కు ఎక్కువ పట్టేసినట్టు ఉంటుంది. "డబ్బులు పోయినయి, పని కాలేదు" అని దిగులు పడతారు. అది లోపలి వాపు. వారం, రెండు వారాల్లో తగ్గడం మొదలవుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంకో మాట. ఆ రోజుల్లో గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. ఇంటికి ఫోను చేస్తే ఏడుస్తున్నావేమో అని అమ్మ కంగారు పడుతుంది. ముందే చెప్పి ఉంచండి.

చేయకూడనివి

ముక్కు చీదకూడదు. డాక్టరు సరే అనేదాకా, అంటే ఒకటి రెండు వారాలు, ఎంత దురద పుట్టినా సరే. లోపల కట్టిన పొక్కును వేలితో గీకకూడదు. తుమ్ము వస్తే ఆపకండి, నోరు బాగా తెరిచి తుమ్మండి.

బరువు ఎత్తకూడదు. సైటు మీది బరువే కాదు, రూంలో నీళ్ల క్యాను, గ్యాసు సిలిండరు కూడా బరువే. వంగి బూట్లు కట్టుకోవద్దు, కూర్చుని కాలు పైకి తెచ్చుకోండి. నమాజు చేసే సోదరులు కూర్చుని చేసుకోవచ్చు. మలబద్ధకం వచ్చి ముక్కినా రక్తం కారే వీలుంది, అందుకని నీళ్లు బాగా తాగాలి, పండ్లు తినాలి.

సిగరెట్టు, మందు రెండూ బంద్. మీరు మానేస్తే చాలదు, రూంలో ఇంకెవరూ తాగకూడదు.

ప్రతి రూంలోనూ ఊరి నుంచి తెచ్చిన మాత్రల డబ్బా ఒకటి ఉంటుంది. దానికి దూరంగా ఉండండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి రక్తం కారడాన్ని పెంచుతాయి. డాక్టరు రాసినవే వేసుకోండి. బీపీకో గుండెకో రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి.

తిండి, నీళ్లు, ఏసీ

మొదటి రెండు రోజులు జావ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, అరటిపండు, లబన్. ఖుబ్బూస్ గట్టిగా ఉంటే పప్పులో నానబెట్టుకోండి. పొగలు కక్కే చాయ్, మండే కారం కొన్నాళ్లు వద్దు. వేడినీళ్ల స్నానం కాకుండా గోరువెచ్చటి నీళ్లు చాలు.

ముక్కు కడగడానికి డాక్టరు ఉప్పునీళ్ల స్ప్రే గాని ప్యాకెట్లు గాని ఇస్తాడు. ప్యాకెట్ కలిపే నీళ్లు కుళాయివి కాకూడదు. వేసవిలో ట్యాంకు నీళ్లు కాగినట్టే వస్తాయి గాని అవి శుభ్రమైనవి కావు. నీళ్లు మరిగించి, చల్లార్చి వాడాలి.

ఏసీ గాలి నేరుగా మొహానికి తగలకుండా రెక్కలు పక్కకు తిప్పండి. గాలి మరీ పొడిగా ఉంటే బెడ్డు దగ్గర తడి తువ్వాలు ఆరేయండి. ఏసీ ఫిల్టరు ఆపరేషన్‌కు ముందు రోజే కడిగి పెట్టుకోవాలి.

రూమ్మేట్లకు

ఈ పది రోజులు రోగి ఒక్కడి వల్ల గడిచేవి కావు. వంట వంతు అతనికి తీసేయండి. పోపు ఘాటు రూంలోకి రాకుండా తలుపు వేయండి. అగరబత్తి, బుఖూర్ పొగ కొన్నాళ్లు ఆపండి. జలుబు ఉన్నవాళ్లు దూరంగా పడుకోండి. డ్యూటీ నుంచి వచ్చాక దుమ్ము బట్టలు బయటే విప్పండి. మొదటి రాత్రి ఒకరు మెలకువగా ఉండి రెండు మూడుసార్లు చూస్తే మంచిది. రేపు ఇదే అవసరం మీకూ రావచ్చు.

ఎప్పుడు పరుగెత్తాలి?

రక్తం ధారగా కారితే కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, నోట్లోకి వచ్చింది ఉమ్మేయమనండి. తల వెనక్కి వాల్చకూడదు. నుదుటి మీద, ముక్కు పైన చల్లటి గుడ్డ వేయండి. పదిహేను ఇరవై నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. యూఏఈలో అంబులెన్సు నంబరు 998.

జ్వరం 38.5 డిగ్రీలు దాటినా, రెండు వైపులా ఒక్కసారిగా బిగుసుకుపోయి నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, కంటి చుట్టూ వాచినా, మెడ బిగిసి తల పగిలిపోతున్నా, ముక్కులోంచి నీళ్లలాంటి పలచటి ద్రవం ఆగకుండా కారినా ఉదయం దాకా ఆగవద్దు. సెక్యూరిటీని లేపండి, క్యాంపు బాసును లేపండి.

మళ్లీ డ్యూటీకి

ఆఫీసు పని అయితే వారం, పది రోజుల్లో వెళ్లవచ్చు. బరువులు, దుమ్ము, ఎండ ఉన్న పని అయితే రెండు మూడు వారాలు పట్టవచ్చు. మీరు చేసే పని ఏమిటో డాక్టరుకు విడమరచి చెప్పండి. "కంపెనీలో పని" అంటే ఆయన కుర్చీ పని అనుకోవచ్చు. "రోజూ యాభై కిలోల సిమెంటు బస్తాలు మోస్తాను" అని చెబితే దానికి తగ్గట్టు రోజులు రాస్తాడు. లైట్ డ్యూటీ అవసరమైతే అదీ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట సైటులో చెల్లదు.

ఆ కాగితం తెచ్చి మా టేబుల్ మీద పెట్టండి. తీసుకున్నట్టు సంతకం అడగండి. సంతకం అడిగితే మాలో ఎవరూ తప్పుగా అనుకోరు.