గ్రంథాలయోద్యోగి – పరిశోధన

గ్రంథాలయోద్యోగమనగా పుస్తకములను బీరువాలలో సర్దుట, అడిగినవారికి ఇచ్చుట, గడువు దాటినచో రుసుము వసూలు చేయుట అని మనలో చాలమంది తలంపు. ఆ పనికి పరిశోధనతో ఏమి సంబంధమని అడుగువారును కలరు. క్రొత్తగా ఈ వృత్తిలో ప్రవేశించిన యువతీయువకులు కూడ రెండు మూడేండ్లు గడచుసరికి ఈ మాటనే నమ్మి నిరుత్సాహపడుట కద్దు. ఈ అభిప్రాయము ఎంత పొరపాటో ఒకరి జీవితము మనకు తెలుపుచున్నది.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1924 జనవరిలో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిరి. మొదట ఆ ఉద్యోగమున వారికి మనసు కుదరలేదు. ఆ ఒంటరితనమును భరింపలేక, తిరిగి బోధనకే పోయెదనని ప్రిన్సిపాలును కోరిరి. ఇంగ్లండు వెళ్లి ఈ విద్య నేర్చి వచ్చిన పిమ్మట కూడ ఇష్టము లేకున్నచో అప్పుడు చూతమని వారికి సమాధానము లభించెను.

లండనులో వారు బెర్విక్ సేయర్స్ అను ఆచార్యుని వద్ద చదివిరి. ఎన్నో గ్రంథాలయములను తిరిగి చూచిరి. అప్పటి వర్గీకరణ పద్ధతులలో క్రొత్త విషయములకు చోటు దొరకుట కష్టమని గ్రహించిరి. ఒకనాడు ఒక అంగడిలో మెకానో అను పిల్లల ఆటవస్తువు వారి కంటబడెను. కొన్ని రేకుముక్కలను, మరలను పలువిధముల జోడించి పెక్కు బొమ్మలను చేయవచ్చును. పుస్తక విషయములను కూడ ఇట్లే ముక్కలుగా విడదీసి జోడింపరాదా అను ఆలోచన వారికి అచ్చట కలిగెను. వరి తెగుళ్లను గూర్చిన పుస్తకమున్నదనుకొనుడు. వ్యవసాయము, వరి, తెగులు – వీనికి వేర్వేరు గుర్తులుండును. వానిని కూర్చగా పుస్తకమునకు సంఖ్య ఏర్పడును. వరికి బదులు చెఱకు వచ్చినచో ఒక్క గుర్తు మాత్రమే మారును. ఇదియే 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ పద్ధతికి మూలము. అంతకు ముందే, 1931లో, వారి గ్రంథాలయ పంచసూత్రముల గ్రంథము వచ్చినది. బోధనకు తిరిగి పోవలెననుకొన్నవారు 1972లో కన్నుమూయువరకు ఈ శాస్త్రమును విడువలేదు.

ఇందు మనము గమనింపవలసినది వారి మేధాశక్తిని మాత్రమే కాదు. చేయుచున్న పనిలో ఎదురైన చిక్కును వారు ప్రశ్నగా మార్చిరి. దొరికిన సమాధానమును వ్రాసి పెట్టిరి. ఈ రెండు పనులు చిన్న ఊరి గ్రంథాలయములో కూర్చున్నవారికిని సాధ్యములే.

ఒక ఉదాహరణము చెప్పెదను. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర ఉండును. గ్రంథసూచిలో దానిని ముందునకు తెత్తురు. తెలుగువారికి ఇంటిపేరు ముందే ఉన్నది. కాని గుడిపాటి వెంకటచలం గారి పుస్తకమును ‘గ’ క్రింద వెదకు చదువరులెందరు? చలం పుస్తకమనియే అడుగుదురు. శ్రీరంగం శ్రీనివాసరావు గారు అందరికిని శ్రీశ్రీ. తిరుపతి వేంకటకవులు ఒకరు కారు, ఇద్దరు. ఒక పేరు క్రింద పుస్తకమును చేర్చి, మిగిలిన పేర్ల నుండి దారి చూపవలెనని నియమ గ్రంథములు చెప్పును. కాని మీ ఊరి చదువరి ఏ పేరుతో అడుగుచున్నాడో ఏ నియమ గ్రంథమును చెప్పజాలదు. బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగికే అది తెలియును. నేడు సూచి కంప్యూటరులోనికి ఎక్కినను చిక్కు తీరలేదు. ‘వెంకట’, ‘వేంకట’ అను రెండును ఒకటేనని ముందుగా నేర్పనిదే ఆ యంత్రమునకు తెలియదు.

కావున క్రొత్త ఉద్యోగి ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెను. మూడు నెలలపాటు చదువరులు అడిగినది అడిగిన మాటలలోనే వ్రాయవలెను. అడిగినవారి పేరు అక్కరలేదు. పుస్తకము దొరకినదా? దొరకనిచో, అది గ్రంథాలయములో లేకయా, ఉండియు సూచిలో కనబడకయా? ఈ రెండును వేర్వేరు రోగములు. మొదటిదానికి డబ్బు కావలెను. రెండవదానికి ఒక చీటీ చాలును. మూడు నెలల పిమ్మట లెక్క చూచినచో, ఏ రోగము ఎంత అను సంగతి ఊహగా గాక సాక్ష్యముతో తేలును.

తరువాత దానిని నాలుగు పుటలలో వ్రాయవలెను. ప్రశ్న ఏది, ఎట్లు లెక్కించితిమి, ఏమి తేలినది, ఏది తేలలేదు – ఇంతే. పెద్ద మాటలు వలదు. ఫలించని ప్రయత్నమును దాచరాదు. అది పొరుగు ఊరివారికి శ్రమ తప్పించును. వ్రాసినదానిని అనుభవజ్ఞునకు చూపి, ఆపై వృత్తి పత్రికకు పంపవలెను. ఇది మనకు క్రొత్త సంప్రదాయము కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, గ్రంథాలయములు స్థాపించుటతో తృప్తిపడక ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను కూడ నడపిరి. పనియు, వ్రాతయు జోడుగా సాగవలెనని వారెరుగుదురు.

వ్రాయనిచో నష్టమేమి? ముప్పది ఏండ్లు పనిచేసిన ఉద్యోగి విరమించిన నాడు, ఆయన తలలోని తెలివియంతయు ఆయనతోనే ఇంటికి పోవును. తరువాత వచ్చినవారు మరల ఓనమాలు దిద్దవలెను. ఈలోగా రెండుమార్లు వట్టిచేతులతో మరలిన బాలుడు మూడవమారు గ్రంథాలయపు మెట్లెక్కడు. ఆ నష్టము ఏ లెక్కపుస్తకములోను కనబడదు.

మీ ఇంటి పిల్లలలో ఎవరైన ఈ వృత్తిలో ఉండి, రాత్రివేళ నోటుపుస్తకము ముందు పెట్టుకొని కూర్చున్నచో, జీతము రాని పని ఎందుకని మందలింపకుడు. మీరును గ్రంథాలయమునకు వెళ్లినపుడు, కోరిన పుస్తకము దొరకనిచో మౌనముగ మరలి రాకుడు. ఏమి కావలెనో చెప్పి రండు. ఆ మాటయే ఒక పరిశోధనకు మొదటి పంక్తి కావచ్చును.