నిన్నటిదాకా బాగానే పనిచేసింది!

ఫిబ్రవరి వచ్చిందంటే మన ప్రభుత్వ బడుల స్టాఫ్‌రూముల్లో ఆదాయపన్ను లెక్కల హడావుడి మొదలవుతుంది. తోటి ఉపాధ్యాయుడెవరో ఓపిగ్గా తయారుచేసిన ఎక్సెల్ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతుంది. మూలవేతనం, డీఏ, పీఎఫ్ వివరాలు నింపితే చాలు, ఫారం 16 దాకా అదే వేసిపెడుతుంది. 2022 తర్వాత చాలామందికి ఆ ఫైలు తెరవగానే పైన ఎర్ర పట్టీ ఒకటి కనబడసాగింది. లోపలున్న బటన్లు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు ఎవరి నోటనైనా వచ్చే మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే పనిచేసింది, అప్‌డేట్ పడి పాడైపోయింది."

గడువు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ కోపం రావడం న్యాయమే. అయితే అప్‌డేట్ అనే ఒక్క మాట కింద మనం మూడు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. భద్రతలోని కంతలు పూడ్చడం ఒకటి. మెనూలు, హంగులు మార్చడం రెండోది. పాత వెర్షన్ తీసేసి కొత్తది ఎక్కించడం మూడోది. ఏది జరిగిందో తెలియకపోతే కోపం ఒకచోట, మందు మరోచోట అవుతాయి.

అపోహ: అప్‌డేట్ మా ఎక్సెల్ ఫైలును పాడుచేసింది

ఫైలు చెక్కుచెదరలేదు. అందులో పనిచేసే చిన్న ప్రోగ్రాములను, అంటే మాక్రోలను, ఎక్సెల్ ఆపింది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ప్రతి ఫైలుకూ విండోస్ కంటికి కనబడని గుర్తు ఒకటి వేస్తుంది. పూర్వం అలాంటి ఫైలు తెరిస్తే పసుపు పట్టీ వచ్చేది, ఒక బటన్ నొక్కితే మాక్రోలు నడిచేవి. ఆ ఒక్క నొక్కుడు మీదే దొంగ ప్రోగ్రాములు ఏళ్ల తరబడి బతికాయి. 1999 మార్చిలో ప్రపంచమంతా మెయిళ్లను ముంచెత్తిన మెలిస్సా వైరస్ వర్డ్ మాక్రోయే. అందుకే 2022లో మైక్రోసాఫ్ట్ ఆ బటన్‌ను తీసేసి ఎర్ర పట్టీ పెట్టింది.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. అదే ఫైలును పక్క బడి మాస్టారు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తే భేషుగ్గా నడుస్తుంది. దాంతో "మన కంప్యూటర్లో ఆఫీసే పాడైంది" అని తేల్చేస్తారు. అసలు సంగతేమిటంటే, సాధారణ పెన్‌డ్రైవ్‌లు వాడే ఫార్మాట్‌లో ఆ గుర్తు నిలవదు. కాపీ అయ్యేటప్పుడే రాలిపోతుంది. మెయిల్ నుంచో వాట్సాప్ వెబ్ నుంచో దించుకున్న ఫైలుకు మాత్రం అంటుకునే ఉంటుంది. దాన్ని తీయడానికి ఆఫీసును మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పనిలేదు. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే జనరల్ ట్యాబ్ అడుగున అన్‌బ్లాక్ అని ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి ఓకే నొక్కితే సరి. కానీ ఆ ఫైలు చేసినవారు ఎవరో తెలిసినప్పుడే ఆ టిక్ పెట్టండి. నాలుగు గ్రూపులు దాటి వచ్చిన ఫైలులో దారిలో ఎవరు చెయ్యి పెట్టారో చెప్పలేం. తయారుచేసినవారి దగ్గరి నుంచే నేరుగా తెచ్చుకోవడం మేలు.

అపోహ: పని జరుగుతున్నంత కాలం అప్‌డేట్లు అక్కర్లేదు, అవి హంగుల కోసమే

ఈ మాట నమ్మి నష్టపోయినవారిని చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. 2017 మే 12న వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల వ్యవధి ఉంది. ఆ అప్‌డేట్‌లో కంటికి ఆనే హంగు ఒక్కటీ లేదు. వేసుకున్నవారికి స్క్రీన్ మీద తేడా ఏమీ కనబడలేదు. వేసుకోనివారికి ఎంత తేడా వచ్చిందో మే నెలలో తెలిసింది.

లెక్కల మాస్టార్లకు తెలిసిన ఉదాహరణ ఇంకొకటుంది. ప్రశ్నపత్రాల్లో భిన్నాలు, వర్గమూలాలు వేయడానికి వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్ అని పాత పనిముట్టు ఉండేది. 2000 నవంబరులో తయారైన ఆ ప్రోగ్రామును ఆ తర్వాత పెద్దగా ఎవరూ ముట్టుకోలేదు. అందులో పదిహేడేళ్లు దాగివున్న లోపం 2017లో బయటపడింది. దాని ఆసరాతో తయారుచేసిన ఫైలును తెరిస్తే చాలు, మాక్రోల ప్రమేయం లేకుండానే కంప్యూటర్ పరాయి చేతుల్లోకి పోతుంది. ఆ నవంబరులో ఆ లోపానికి మాటు వేశారు. అదే ఎడిటర్‌లో మరో లోపం తేలడంతో 2018 జనవరి అప్‌డేట్‌లో దాన్ని మొత్తంగా తీసేశారు.

తీసేయడం సరైన పనే. కానీ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ప్రశ్నల నిధిలో సమీకరణాలు కనబడుతున్నాయే తప్ప దిద్దడానికి లొంగకుండా పోయాయి. ఆ మాస్టార్ల గోడు అబద్ధం కాదు. వర్డ్ 2007 నుంచీ కొత్త సమీకరణాల సదుపాయం ఉంది. ఇన్సర్ట్ మెనూలో ఈక్వేషన్ నొక్కితే వస్తుంది. పాత సమీకరణాలను ఆ రూపంలోకి మార్చే వీలు తర్వాత మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లో వచ్చింది. పాత ప్రశ్నపత్రాలు దాచుకున్నవారు ఒక సెలవురోజు కూర్చుని మార్చుకుంటే ఆ శ్రమ దక్కుతుంది.

అపోహ: అప్‌డేట్‌లో తప్పుండదు, వాడేవాళ్లకే చేతకాదు

ఇది కంప్యూటర్ తెలిసినవాళ్ల అపోహ. సాయం అడిగిన గుమాస్తాను "మీరేదో నొక్కి ఉంటారు" అని చిన్నబుచ్చే మాట. ఇదీ అంతే తప్పు.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను నిజంగానే చెరిపేసింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌లోకి మళ్లించుకుని, పాత చోట కొన్ని ఫైళ్లు వదిలేసినవారికి ఆ పాతవి పోయాయి. మైక్రోసాఫ్ట్ నాలుగు రోజులకే దాన్ని ఆపింది. సరిచేసి నవంబరు 13న మళ్లీ ఇచ్చింది. దెబ్బతిన్నవారు పదివేలలో ఒక్కరేనని ఆ సంస్థ చెప్పింది. ఆ ఒక్కరి బీరువాలో పోయినవి ఏ కాగితాలో ఎవరికి తెలుసు?

2021 సెప్టెంబరు నాటి ప్రింటర్ల గొడవ మన ఆఫీసుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌ను పక్క గదుల్లోని నాలుగైదు కంప్యూటర్లు వాడుకోవడం మన దగ్గర మామూలు. ఆ నెల 14న వచ్చిన అప్‌డేట్ తర్వాత పక్క గదుల నుంచి ప్రింట్ ఆగిపోయింది. చివర 11బి అని ఉండే ఎర్రర్ నంబరు ప్రత్యక్షమైంది. ప్రింటర్‌లో లోపం లేదు, కేబుల్ బాగానే ఉంది, ఎవరూ ఏమీ నొక్కలేదు. దారిలో ఎవరూ జొరబడకుండా ఉండేందుకు ప్రింటర్ ఉన్న కంప్యూటర్ పక్క కంప్యూటర్లను గట్టి గుర్తింపు అడగడం మొదలుపెట్టింది. అప్‌డేట్లు ఆపేసి పెట్టుకున్న కంప్యూటర్లు ఆ గుర్తింపు చూపలేకపోయాయి. ఆ రోజు సంతకం కోసం కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఈ వివరమేదీ అక్కరకు రాదు. నిజమే. కానీ ఒక గదిలో అప్‌డేట్లు వేసి, పక్క గదిలో ఆపి ఉంచడం ఎంత చిక్కు తెస్తుందో ఆ నెల చూపించింది. వేస్తే అన్నిటికీ వేయాలి.

అపోహ: అప్‌డేట్ తెలుగు అక్షరాలను మింగేసింది

పాత కంప్యూటర్లో రెండు పేజీల్లో ఒదిగిన మెమో కొత్త విండోస్‌లో తెరిస్తే మూడో పేజీలోకి పాకుతుంది. పట్టికలు విరిగిపోతాయి. కారణం ఫాంటు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మనం వాడిన గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి ఫాంట్లను విండోస్ 10లో అందరికీ ఇవ్వడం మానేశారు. నిర్మల ఫాంటును మాత్రమే ఉంచారు. గౌతమితో చేసిన ఫైలు తెరిస్తే ఆ చోట వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. అక్షరాల ఎత్తు, వెడల్పు మారతాయి కాబట్టి పేజీ కూడా మారుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కిస్తే గౌతమి, వాణి రెండూ ఉచితంగా తిరిగి వస్తాయి. కంప్యూటర్ భాషల జాబితాలో తెలుగు చేర్చినవారికి అవి వాటంతటవే వస్తాయి.

అను ఫాంట్ల కథ వేరు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలు, కరపత్రాలు వాటితోనే అచ్చయ్యాయి. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన వేసేది తెలుగు రూపం. ఫాంటు లేని కంప్యూటర్లో పైపొర ఊడిపోయి అర్థంకాని ఇంగ్లీషు గిలుకుడు బయటపడుతుంది. ఏ అప్‌డేటూ దాన్ని పాడుచేయలేదు, ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. దాచుకోవాల్సిన రాతలను యూనికోడ్‌లోకి మార్చుకోవడమే దారి.

అప్‌డేట్ తెలుగుకు మేలు చేసిన సందర్భమూ ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో టైపు చేసి పంపితే యాపిల్ ఫోన్లలో, కంప్యూటర్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19న వచ్చిన అప్‌డేట్‌తోనే అది సర్దుకుంది.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా, రీస్టార్ట్ అదే కదా

కాదు. విండోస్ 8 నుంచి, కంప్యూటర్ త్వరగా లేవడం కోసం, షట్‌డౌన్ చేసినప్పుడు లోపలి వ్యవస్థను కొంత నిద్రపుచ్చి దాస్తున్నారు. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అప్‌డేట్ తర్వాత వర్డ్ వింతగా ప్రవర్తిస్తే ఎవరినీ పిలవకముందే ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.

అపోహ: అప్‌డేట్ ఎప్పుడు మీద పడుతుందో ఎవరికీ తెలియదు

తెలుసు. 2003 అక్టోబరు నుంచీ మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం ఇస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు కాలాన్నిబట్టి రాత్రి పదిన్నరో పదకొండున్నరో. కాబట్టి మన ఆఫీసుల్లో ఆ ఫలితం కనబడేది బుధవారం పొద్దున. బిల్లులు పెట్టే రోజు, టెండర్ గడువు ఆ బుధవారానికి తగిలితే అప్‌డేట్లను ముందే ఆపి ఉంచవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ నొక్కితే ఐదు వారాల దాకా ఆగుతాయి. పని పూర్తయ్యాక వెంటనే వేసుకోవాలి. యాక్టివ్ అవర్స్‌లో రోజుకు 18 గంటల దాకా పెట్టుకుంటే ఆ వేళల్లో కంప్యూటర్ దానంతటది రీస్టార్ట్ కాదు. సేవ్ చేయని పత్రం పోయిందనిపిస్తే ఫైల్ మెనూలో ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ కింద వెతకండి. వర్డ్ మామూలుగా పది నిమిషాలకోసారి నకలు దాచి ఉంచుతుంది.

అపోహ: 2024 జూలైలో విమానాలు ఆగింది విండోస్ అప్‌డేట్ వల్లే

జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన ఫొటోలు అందరూ చూశారు. అందుకు కారణం క్రౌడ్‌స్ట్రయిక్ అనే వేరే సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన అప్‌డేట్. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించాయి. ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద సంస్థల్లో ఉంటుంది. మీ టేబుల్ మీది కంప్యూటర్‌కూ దానికీ సంబంధం ఉండే అవకాశం తక్కువ. ఆ ఫొటోలు చూసి అప్‌డేట్లు ఆపేసుకున్నవారుంటే మళ్లీ మొదలుపెట్టండి.

అపోహ: ఒకసారి కొన్న ఆఫీస్ జీవితాంతం అంతే

తెరుచుకుంటుంది, పనీ చేస్తుంది. కంతలు పూడ్చడం మాత్రం ఆగిపోతుంది. ఆఫీస్ 2016, 2019లకు, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆ గడువు తీరింది. ఒకేసారి డబ్బు కట్టి కొనే ఆఫీస్ 2024కు 2029 అక్టోబరు దాకా ఉంది. దానికి భద్రతా అప్‌డేట్లు వస్తాయి, నెలనెలా మెనూలు మారవు. మార్పులంటే చిరాకు పడేవారికి నెలవారీ చందా కంటే ఇదే నయమని నా అభిప్రాయం. డబ్బు పెట్టలేనివారికి లిబ్రే ఆఫీస్ ఉంది. పూర్తిగా ఉచితం. దానికీ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి, వేసుకోవాలి. దొంగతనంగా తాళం తీసే ప్రోగ్రాములతో నడిపే ఆఫీసు జోలికి మాత్రం పోవద్దు. తాళం తీసేవాడు ఇంకేం తెచ్చి లోపల పెడుతున్నాడో మీకు కనబడదు.

అపోహ: మన గోడు ఎవరూ వినరు

వింటారు, ఆలస్యంగా. విండోస్ 8లో తీసేసిన స్టార్ట్ మెనూను జనం కోప్పడితే విండోస్ 10లో తిరిగి తెచ్చారు. 2022లో మాక్రోల ఎర్ర పట్టీని కూడా వాడుకదారుల అభ్యంతరాలతో జూలైలో కొద్దిరోజులు వెనక్కి తీసుకుని, వివరణలు మెరుగుపరిచి మళ్లీ పెట్టారు. 2018లో ఫైళ్లు పోతున్నాయని ముందే పరీక్షించినవారు కొందరు రాశారు. ఆ ఫిర్యాదులు గుంపులో మరుగునపడ్డాయి. ఆ తర్వాతే, సమస్య ఎంత తీవ్రమైనదో చెప్పే వీలును, విండోస్‌లో ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో చేర్చారు. స్క్రీన్ ఫొటో, తేదీ, ఎర్రర్ నంబరు పెట్టి రాసిన ఫిర్యాదుకు విలువ ఎక్కువ.

ఆలస్యంగానైనా వింటారనడానికి జన్యుశాస్త్రవేత్తల అనుభవం సాక్ష్యం. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్‌లో టైపు చేస్తే అది మార్చి 1వ తేదీ అయిపోయేది. ఏళ్ల తరబడి పరిశోధన పట్టికల్లో ఆ తప్పు దొర్లుతూనే ఉంది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చి మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా మార్చింది. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, తేదీలుగా మార్చడాన్ని ఆపే మీటను ఎక్సెల్‌కు ఒక అప్‌డేట్‌లో ఇచ్చింది. జన్యువుల పాత పేర్లు మాత్రం తిరిగి రాలేదు.