మీకు తెలుసా? అలసిన పిక్కకు మర్దనము చేయు మేలెంత?

నాటి ఉత్తరార్కాటు జిల్లా నుండి వచ్చిన తెలుగు, తమిళ శ్రామికులు భూగర్భమున మూడు కిలోమీటర్లకు పైగా దిగి, ఉడికించు వేడిలో బండను తొలిచిన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఐనను దేహశ్రమను ఎరిగిన ఆ నేలపై నేడు పరుగెత్తు యువకులకు సైతము మర్దనమును గూర్చిన ఈ విషయము తెలియవలసియున్నది.

కన్నడదేశమున మర్దనము నిన్నటి విద్య కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లవినోదమునకును, తైలమర్దనముతో కూడిన స్నానభోగమునకును వేర్వేరు ప్రకరణములు కలవు.

నువ్వుల నూనెను గోరువెచ్చగ కాచి, మడమ నుండి పిక్కమీదుగా మోకాలివైపునకు అరచేతిని నిదానముగ నడపి, గట్టిపడిన చోట బొటనవ్రేలితో నొక్కి పట్టినపుడు కండరములలోని లాక్టిక్ ఆమ్లము కరిగిపోవునని పలువురు నమ్ముదురు గాని, ఆ ఆమ్లము పరుగు ముగిసిన గంట, గంటన్నరలో చాలవరకు తనంతట తానే తొలగిపోవును. 24 నుండి 72 గంటలలోపల ముదురు నొప్పికి కారణము కండరతంతువులయందలి సూక్ష్మక్షతములు. మర్దనము ఆ నొప్పిని కొంత ఉపశమింపజేయును. మరునాటి వేగమును, బలమును పెంచునని మాత్రము రుజువు కాలేదు. నొప్పి తగ్గి నిద్రపట్టుటయే క్రీడాకారునకు గొప్ప మేలని నా దృఢమైన అభిప్రాయము.

బెణికి వాచిన కీలును మొదటి రెండుమూడు దినములు ఎవ్వరిచేతను నలిపింపకుడు. ఒక్క పిక్కయే వాచి, వేడెక్కి, నొప్పిపుట్టినచో మర్దనము మాని వెంటనే వైద్యునికి చూపుడు.