పాలిష్ పట్టే ముందు: రాబిగ్ ఉప్పుగాలిలో కారు పెయింట్ సంగతి

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పుకున్నది ఇక్కడ రాసి పెడుతున్నాను. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీల్లేనివాళ్ళు, రాత్రి వింటూ వింటూ సగంలో నిద్రపోయినవాళ్ళు చదువుకోండి. నోటితో చెప్పినదాన్ని కాస్త సర్దాను, అంతే.

ప్రశ్న పంపిన తమ్ముడు మన రాబిగ్‌లోనే ఉంటాడు. రెండు నెలల్లో ఫైనల్ ఎగ్జిట్. పేరు మీద బండి ఉంటే ఎగ్జిట్ పడదు కాబట్టి కారు అమ్మాలి. చూడ్డానికి వచ్చినవాడల్లా బానెట్ మీద వేలు పెట్టి "పెయింట్ పోయింది భాయ్" అని రేటు దించేస్తున్నాడు. రూమ్మేటేమో "సైట్‌లో గ్రైండర్ ఉంది, దానికి స్పాంజి తగిలించి నేనే పాలిష్ కొట్టేస్తా" అంటున్నాడట. కొట్టించమంటారా అన్నా అని అడిగాడు.

ముందు గ్రైండర్ సంగతి తేల్చేద్దాం. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు దాకా తిరుగుతుంది. కారు పాలిష్ చేసే రోటరీ మిషను 600 నుంచి 3,000 మధ్య తిరుగుతుంది. గ్రైండర్ పెడితే కొన్ని సెకన్లలో పెయింట్ మాడిపోయి కింద ప్రైమర్ పలకరిస్తుంది. వద్దు. మిషన్ల గురించి వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా మాట్లాడతాను. ఈసారి పాలిష్‌కి ముందు చేసే పని మాత్రమే, ఎందుకంటే చాలా బళ్ళు పాడయ్యేది అక్కడే.

నాది ఇండస్ట్రియల్ పెయింటింగ్. ట్యాంకులు, పైపులు, స్ట్రక్చర్లు. మా పనిలో రంగు కొట్టేది ఒక పూట అయితే ఇనుమును సిద్ధం చేసేది మూడు పూటలు. సముద్రం పక్కన కాబట్టి, బ్లాస్టింగ్ అయిపోయి ఇనుము తెల్లగా మెరుస్తున్నా సరే, దాని మీద ఉప్పు ఎంత మిగిలిందో టెస్ట్ చేస్తే గానీ ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడు. ఇనుము వేడి డ్యూ పాయింట్ కన్నా కనీసం 3 డిగ్రీలు పైన లేకపోతే డబ్బా మూత కూడా తియ్యనివ్వరు. పెయింటింగ్ తమ్ముళ్ళందరికీ ఇది తెలుసు. అదే తమ్ముడు రూముకొచ్చి సొంత కారు మీద మాత్రం దుమ్ము పైనే పాలిష్ పూసేస్తాడు!

ఇక్కడ దుమ్ము ఎలా పనిచేస్తుందో చూడండి. ఒక పక్క ఎర్రసముద్రం, ఇంకో పక్క ఎడారి, మధ్యలో రిఫైనరీ, పవర్ ప్లాంటు, సిమెంటు ఫ్యాక్టరీ, ఎప్పుడూ ఏదో ఒక షట్‌డౌన్ పని. పగలంతా కారు మీద దుమ్ము పడుతుంది. రాత్రి రేకు చల్లబడ్డాక గాలిలో తేమ దాని మీద మంచులా దిగుతుంది. తేమ, ఉప్పు, దుమ్ము కలిసి పల్చటి ముద్దవుతుంది. తెల్లారి డ్యూటీకి పోతూ మనవాళ్ళు ఏం చేస్తారు? సీటు కింద నుంచి పాత బనీను తీసి ఆ ముద్దని బానెట్ అంతా రుద్దుతారు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది. దాని ముందు కారు పెయింట్ వెన్న లాంటిది. రోజూ పొద్దున్నే మన బండికి మనమే గరుకు కాగితం పడుతున్నాం అన్నమాట. రాత్రి టార్చి వేసి చూస్తే సాలెగూడులా గుండ్రంగా మెరిసే గీతలు అవే. ఆ మురికి మీదే పాలిష్ మిషను పెడితే స్పాంజి కింద ఇసుక రేణువు చిక్కుకుని నిమిషానికి వెయ్యిసార్లు తిరుగుతుంది. ఇక చెప్పేదేముంది.

ఇంకో లెక్క కూడా తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెయింట్, ప్రైమర్ దగ్గర్నుంచి పైన క్లియర్ కోటు దాకా అంతా కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. జిరాక్సు కాగితం మందమే సుమారు 100 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు ఉంటుందేమో. ఎండని ఆపేదీ, నిగనిగ ఇచ్చేదీ ఆ పొరే. పాలిష్ అంటే ఆ పొరలోంచి కొన్ని మైక్రాన్లు అరగదీసి గీతని చదును చెయ్యటం. అరిగింది మళ్ళీ పెరగదు. కడిగితే పోయే మురికిని పాలిష్‌తో పోగొట్టాలనుకోవటం ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవటమే.

సైట్‌లో డీఎఫ్‌టీ గేజ్ వాడే తమ్ముళ్ళుంటే, అడిగి తీసుకుని ఓ ఐదు నిమిషాలు కారు మీద పెట్టి చూడండి. అన్ని డోర్లూ 110, 120 చూపిస్తూ ఒక డోరు 300 చూపించిందంటే ఆ డోరుకి తర్వాత రంగు వేశారు. మీకు అమ్మినవాడు "బాడీ వకాలా, రష్ లేదు" అని ఎంత ఒట్టేసినా సరే. 80 కన్నా తక్కువ చూపించిన చోట పాలిష్ మాట మర్చిపోండి. ఇనుము మీద మాత్రమే పలికే గేజ్ అయితే అల్యూమినియం బానెట్ మీద, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచెయ్యదు, అది కూడా గుర్తుంచుకోండి.

గేజ్ లేకపోతే కంటితో చూడొచ్చు. రూఫ్ మీద, బానెట్ మీద తెల్లగా పొడిబారిన మచ్చలు, అంచుల్లో పొలుసులు లేస్తున్నాయా? క్లియర్ కోటు ఎండకి చచ్చిపోయింది. దాన్ని ఏ పాలిషూ బతికించలేదు, ఎంత రుద్దితే మచ్చ అంత పెద్దదవుతుంది. మన తమ్ముడు పంపిన ఫోటోలో రూఫ్ పరిస్థితి ఇదే. రూఫ్ ముట్టుకోవద్దని చెప్పాను. బానెట్, డోర్లు, డిక్కీ బాగానే ఉన్నాయి, గీతలే ఉన్నాయి. అవి బాగుచేసుకుని, రూఫ్ సంగతి కొనేవాడికి ముందే చెప్పి రేటు మాట్లాడుకోవటం నయం. రూఫ్ ఎలాగూ అతను చూస్తాడు.

ఇక పనిలోకి వద్దాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు మనల్ని ఎండలో పని చేయించకూడదని సౌదీలో రూలుంది కదా, కారు రేకుకి ఆ రూలు ఏడాది పొడుగునా ఉందనుకోండి. అరచేతి వెనకవైపు రేకు మీద పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద షాంపూ ఆరిపోయి మరకలు కట్టేస్తుంది. శుక్రవారం ఫజర్ తర్వాత నీడలో మొదలుపెడితే జుమ్మా టైముకి ఈ పనంతా అయిపోతుంది. గురువారం రాత్రే కడిగేసి పొద్దున పాలిష్ చేద్దాం అనుకోవద్దు. రాత్రి మళ్ళీ అదే ఉప్పు మంచు దిగుతుంది.

ముందు చెయ్యి తగలకుండా నీళ్ళు. పైప్ లేకపోతే మొక్కలకి కొట్టే పంపు స్ప్రేయర్ చాలు. పైనుంచి కిందకి, నానబెట్టి, మళ్ళీ కొట్టాలి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డ షాంపూలో ముంచి ఒక భాగం తుడిచి, మంచినీళ్ళ బకెట్లో జాడించి, మళ్ళీ షాంపూ. అడుగు భాగం ఆఖర్న. బట్టల సబ్బుపొడి వద్దు, కరగని పలుకులుంటాయి. మగ్సలాలో చేయించుకుంటాం అంటారా, అక్కడ ఒకే గుడ్డతో ఎన్ని బళ్ళు తుడుస్తున్నారో ఓసారి నిలబడి చూసి నిర్ణయించుకోండి. నీళ్ళు రోడ్డు మీదకి పారకుండా చూసుకోండి.

కడిగాక కూడా కొన్ని మిగిలిపోతాయి. బండి వెల్డింగ్, గ్రైండింగ్ దగ్గర పార్క్ చేసేవాళ్ళకి నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. అది ఇనుప రజను, వేడిగా వచ్చి పెయింట్‌లో దిగి తుప్పు పట్టింది. దీనికి ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది. కొట్టగానే చుక్క ఊదా రంగులోకి మారి కారుతుంది, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. గ్లౌజులు వేసుకోండి, ఆరకముందే నీళ్ళతో కడిగెయ్యండి. తారు మరకలకి టార్ రిమూవర్ గుడ్డకి కొంచెం అద్ది తుడిచి, ఆ చోట మళ్ళీ షాంపూతో కడగాలి. సైట్ నుంచి థిన్నర్ మాత్రం తీసుకురావద్దు. ఎపాక్సీకి వాడే థిన్నర్ రష్ చేసిన పెయింట్‌ని మెత్తబరుస్తుంది, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

నీటి మరకలు వేరే రకం. ఉప్పునీళ్ళు, బోరునీళ్ళు ఆరిపోయి తెల్లటి గుండ్రాలు మిగులుతాయి. బఖాలాలో తెల్ల వెనిగర్ దొరుకుతుంది, దాంట్లో అంతే బ్యాటరీ నీళ్ళు కలిపి గుడ్డతో ఆ మరక మీద ఒక నిమిషం ఉంచి కడిగెయ్యండి. ఈ బ్యాటరీ నీళ్ళంటే డిస్టిల్డ్ వాటర్ అన్నా, యాసిడ్ కాదు. సిమెంటు చుక్కలు గట్టిపడితే కూడా ఇదే పని, గోటితో గీకొద్దు. మరక పోయి చిన్న గుంట మిగిలితే మాత్రం అది పెయింట్‌నే తిన్నట్టు, దాని సంగతి పాలిష్ చూసుకుంటుంది, లోతుగా ఉంటే అదీ చూడలేదు.

ఇప్పుడు ఖుబ్జ్ కవర్ తీసుకోండి. రొట్టెలు వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరే. చెయ్యి అందులో పెట్టి తడి బానెట్ మీద నెమ్మదిగా జరపండి. ఉత్త వేలికి నున్నగా అనిపించిన చోటే కవర్‌లోంచి ఇసుక కాగితంలా గరగర తగులుతుంది. పక్కన ఎవరో స్ప్రే పెయింట్ కొట్టినప్పుడు ఎగిరొచ్చిన తుంపర, కడిగినా పోని ఇనుప రజను, అన్నీ తెలుస్తాయి. దీనికే క్లే బార్. చూడ్డానికి చిన్నపిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలా ఉంటుంది. మూడు ముక్కలు చేసి, ఒకటి అరచేతిలో బిళ్ళలా నొక్కి, షాంపూ చుక్కలు కలిపిన నీళ్ళు రేకు మీద ధారాళంగా కొట్టి, ఏ బలం పెట్టకుండా ముందుకీ వెనక్కీ జారించాలి. గుండ్రంగా తిప్పొద్దు. మొదట్లో పట్టుకున్నట్టు ఉంటుంది, తర్వాత జారిపోతుంది. జారింది అంటే అక్కడ పని అయినట్టే. ముద్ద నల్లబడితే మడిచి కొత్త వైపు తిప్పండి. కింద పడిందా, పారెయ్యండి. డబ్బులు పోయాయని బాధపడి నేల మీద పడిన ముక్కని మళ్ళీ వాడితే అది ఇసుక అంటిన ముద్దే. క్లే ఎంత జాగ్రత్తగా చేసినా సన్నటి మసక గీతలు పడొచ్చు. పాలిష్ చేసే ఉద్దేశం ఉంటేనే క్లే పట్టండి.

మళ్ళీ ఒకసారి కడిగి, మెత్తటి గుడ్డ పరిచి అద్దండి, రుద్దొద్దు. అద్దం సందుల్లో, లైట్ల చుట్టూ, డోర్ హ్యాండిల్ కింద నీళ్ళు దాక్కుంటాయి, డోర్లు తెరిచి ఆరనివ్వండి. తర్వాత ఫార్మసీలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి మూడింతలు నీళ్ళు కలిపి ఒకసారి తుడిస్తే పాత వ్యాక్స్, నూనె పొర పోయి అసలు గీతలెన్నో కనిపిస్తాయి. కొన్ని చోట్ల మనం అనుకున్న దానికన్నా ఎక్కువే ఉంటాయి, కంగారు పడకండి. గోరు గీతకి తగులుకుంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, వదిలెయ్యండి.

చివరగా మాస్కింగ్ టేపు. నల్ల ప్లాస్టిక్, రబ్బరు, బ్యాడ్జీ, లైట్ల అంచులు కప్పండి. డోరు అంచులు, బానెట్ మధ్యలో వచ్చే గీర కూడా టేపుతో కప్పండి, పెయింట్ అన్నిటికన్నా పల్చగా ఉండేది అక్కడే. ఒక డోర్ మీద అడుగున్నర చదరం టేపుతో గీసుకోండి. వచ్చే వారం మిషను, ప్యాడ్, కాంపౌండు చెప్తాను, ముందు ఆ చదరంలోనే చేసి చూద్దాం. టార్చి వెలుగులో దాని ఫోటో ఇప్పుడే తీసి పెట్టుకోండి, తర్వాత తేడా చూడ్డానికి అదొక్కటే సాక్ష్యం.