విమానం ఎక్కేముందు పైలట్ చదివే కాగితాలు

పోయిన జనవరిలో మా ఆపా, దూల్హాభాయ్ ఉమ్రాకి బయలుదేరారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున పొగమంచు. ఎండ వచ్చాక కూడా విమానం కదలకపోయేసరికి ఆపా ఫోన్ చేసి, "ఆకాశం అద్దంలా ఉంది, ఇంకా ఏం చూస్తున్నారు వీళ్లు?" అని విసుక్కుంది. అడగాల్సిన ప్రశ్నే.

పైలట్ చూసేది నెత్తిమీది ఆకాశం ఒక్కటే కాదు. బయలుదేరే ముందు అతని చేతికి వాతావరణ పత్రాల కట్ట ఒకటి వస్తుంది. ఈ రోజుల్లో అది చాలాచోట్ల ట్యాబ్‌లోనే ఉంటుంది. సమాచారం ఇచ్చేది మన భారత వాతావరణ శాఖ. దాన్ని సర్ది ఇచ్చేది ఎయిర్‌లైన్ డిస్పాచర్.

అందులో మొదటిది మెటార్. పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకోసారి ఇస్తారు. "09003కెటి 0800 ఎఫ్‌జి క్యూ1016" అని ఉంటే, తూర్పు నుంచి 3 నాట్ల గాలి, 800 మీటర్ల వరకే చూపు, పొగమంచు, ఒత్తిడి 1016 హెక్టోపాస్కల్స్ అని అర్థం. చివరి అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. విమానంలో ఎత్తు చూపే మీటరు నిజానికి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. 10 హెక్టోపాస్కల్స్ తప్పుగా పెడితే ఎత్తు సుమారు 270 అడుగులు తేడా చూపిస్తుంది. మంచులో దిగేవాడికి అది ప్రాణాల మీదికి వచ్చే తేడా.

మెటార్ ఇప్పటి సంగతి. రాబోయే 24 లేదా 30 గంటల అంచనా టాఫ్‌లో ఉంటుంది. దారిలో ఉరుముల మేఘాలు, తీవ్రమైన కుదుపులు ఉంటే సిగ్మెట్ అనే హెచ్చరిక వస్తుంది.

పై గాలుల పటాలు లండన్, వాషింగ్టన్ కేంద్రాల నుంచి వస్తాయి. వాటికి ముడిసరుకు అందించేవాటిలో మన బేగంపేట బెలూన్ కూడా ఒకటి. ఉదయం 5.30కి, సాయంత్రం 5.30కి పరికరం కట్టి వదులుతారు. చలికాలంలో జెడ్డా వెళ్లేటప్పుడు పడమటి గాలి ఎదురొస్తుంది. ఇంధనం ఎక్కువ కావాలి, వచ్చేటప్పుడు తక్కువ సరిపోతుంది. (ఈ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాలకు ఫిజిక్స్‌తో డిగ్రీ చేసినవాళ్లను తీసుకుంటారు. మన స్కాలర్‌షిప్ పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?)

ఇవన్నీ చదివాకే ఇంధనం ఎంతో కెప్టెన్ తేలుస్తాడు. గమ్యంలో దిగలేకపోతే ఎక్కడికి పోవాలో ముందే రాసుకుని, అక్కడిదాకా సరిపడా నింపుతారు.

ఆపా ఎక్కాల్సిన విమానం శంషాబాద్ మంచులో దిగలేక చెన్నైకి మళ్లిందని తర్వాత తెలిసింది. చెన్నై దాకా సరిపడా ఇంధనం దాంట్లో ఉంది.