వెన్నుపాము చేసే పని

ఒళ్లు కదలాలంటే మెదడు చెప్పాలి, నరాలు మోసుకెళ్లాలి, కండలు వినాలి అనుకుంటాం. ఈ లెక్కన వెన్నుపాము ఉత్త దారి. కానీ కోనసీమలో కాళ్లకు తాడు వేసుకుని కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడి విషయంలో ఈ లెక్క సరిపోదు. ఎక్కాలా వద్దా, ఏ గెల కోయాలి అన్నది మెదడే తేలుస్తుంది. ఏ కండ ఎప్పుడు ఎంత బిగవాలి, దాని ఎదురు కండ ఎప్పుడు సడలాలి అన్నది మాత్రం చాలావరకు వెన్నుపాములోనే తేలుతుంది. పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు ఉండే వెన్నుపాము నడుం పైభాగంలోనే ముగుస్తుంది. దాని ముందు వైపున్న, కండలను కదిలించే నరకణాలైన మోటార్ న్యూరాన్ల పోగులు కొన్ని పాదం దాకా, దాదాపు మీటరు పొడవు సాగుతాయి. మెదడు ఆజ్ఞయినా, అరికాలికి గుచ్చుకున్న ముల్లయినా, కండ సాగిందన్న కబురైనా ఈ కణాల మీదుగానే కండకు చేరాలి. అందుకే శరీరధర్మ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1906లో ఈ కణాలను అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఆఖరి దారి అన్నాడు.

చెట్టు మీద పాదం కాస్త జారిందనుకోండి. పిక్క కండ ఠక్కున సాగుతుంది. ఆ కబురు వెన్నుపాముకు చేరి, అక్కడి మోటార్ న్యూరాన్‌ను నేరుగా తట్టి, కండ బిగవడం మొదలయ్యేందుకు సెకనులో ఇరవై ఐదో వంతు చాలు. తెలిసి కాలు బిగించడానికి అంతకు నాలుగైదు రెట్లు పడుతుంది. డాక్టరు మోకాలి కింద సుత్తితో తట్టి చూసేది ఇలాంటి వలయాన్నే. ఇంతకంటే మొరటు సాక్ష్యం మెడ కోసిన కోడి. తల వేరయ్యాక కూడా కాళ్లూ రెక్కలూ కొట్టుకోవడం ఊళ్లో అందరూ చూసిందే. 1911లో శాస్త్రవేత్త గ్రాహం బ్రౌన్ దీన్ని పిల్లుల్లో పద్ధతిగా పరీక్షించాడు. వెన్నుపాము తెగి, మెదడుతో సంబంధం పోయినా వెనక కాళ్ల కండలు నడకలోలాగే మార్చి మార్చి బిగిశాయి.

న్యూరాన్ పంపేది సంకేతమే, బలం కాదు. బలం కండలోనే తయారవుతుంది. దాని లెక్క తేల్చినవాళ్లలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. లాక్టిక్ ఆమ్లం చుట్టూ తిరిగిన కండల పరిశోధనకు 1922 నోబెల్ వచ్చిన కొద్ది ఏళ్లకే, హార్వర్డ్‌లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కండకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. భీమవరం వాళ్లు ఈ సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పుకోవచ్చు.

వెన్నుపాముకు ఇంత తెలిస్తే, చెట్టు మీంచి పడి వెన్ను విరిగినవాడు ఎందుకు నడవలేడు? గట్టి ప్రశ్నే. కాళ్ల న్యూరాన్లకు పైన దెబ్బ తగిలితే మొదటి కొన్ని వారాలు కాళ్లు మెత్తగా పడి ఉంటాయి. తరవాత బిగుసుకుంటాయి, ముట్టుకుంటే ఎగిరిపడతాయి. అంటే కింది కణాలు బతికే ఉన్నాయి, వాటిని అదుపు చేసే పైమాటే అందడం లేదు. పోలియోలో ఇందుకు తిరగబడిన చిత్రం కనిపిస్తుంది. వైరస్ మోటార్ న్యూరాన్లనే చంపుతుంది కాబట్టి స్పర్శ చెడదు, కాలు మాత్రం సన్నబడి వేలాడుతుంది. మెదడు ఎంత చెప్పినా వినే కణం లేదు. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు గానీ, అంతకు ముందు ఆ జబ్బు సోకినవాళ్లు నేటికీ మన మధ్యే ఉన్నారు.

కోడి వెన్నుపాముకున్నంత స్వాతంత్ర్యం మనిషి వెన్నుపాముకు లేదు, అది పైనుంచి వచ్చే ఊతం మీద ఎక్కువగా ఆధారపడింది. ఆ ఊతాన్ని కొంత బయటినుంచి ఇవ్వవచ్చని 2018లో స్విట్జర్లాండ్, అమెరికా బృందాలు చూపించాయి. నడుం దగ్గర వెన్నుపాము మీద చిన్నపాటి విద్యుత్తు ఇచ్చి సాధన చేయిస్తే, ఏళ్ల తరబడి నడవలేనివాళ్లు కొందరు ఆసరాతో అడుగులు వేశారు. ఇది నయం కావడం కాదనే అభ్యంతరం సబబే. కొందరిలో మెదడునుంచి వచ్చే పోగులు కాసిని మిగిలి ఉండడమూ కలిసొచ్చింది. ఆ కాసిని పోగుల విలువ అసలు తేలేది చెట్టు కిందే. పడినవాణ్ని చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలోకి ఎత్తితే విరిగిన వెన్నుపూస కదిలి, మిగిలినవి కూడా నలిగిపోవచ్చు. 108 వచ్చేదాకా కదపకుండా, తప్పనిసరైతే నలుగురు కలిసి మెడా వీపూ ఒక్క తీరున ఉంచి బల్ల మీదికి చేర్చాలి.